అద్దాల షాపువాడి అనువాదం

నా జీవితంలో పగిలిన అతి పెద్ద వస్తువు నా పరువు. అద్దాల షాపు నడిపేవాడు ఈ మాట అంటున్నాడంటే అదెంత పెద్ద ప్రమాదమో మీరే ఊహించుకోండి.

అప్పుడే బోధన్ బజారులో షాపు పెట్టాను. ఉన్నదంతా అద్దాల్లోనే పోశాను. సరిగ్గా దాని ఎదురుగానే సభ పెట్టారు. ఖమ్మం దిక్కు నుంచి ఒక నాయకుడు వస్తున్నాడు. రాజ్యాంగాన్ని మార్చాలని ఊరూరా తిరుగుతున్నాడట. ఆయనకు ఉర్దూ ముక్క రాదు. మా లోకల్ లీడర్ మల్లేశన్న నా భుజం మీద చెయ్యేశాడు.

"తమ్మీ, సారు పట్టుబట్టిండు. ఆయన తెలుగుల చెప్పింది నువ్వు ఉర్దూల చెప్పాలె."

నా ఉర్దూ అంతా పక్క షాపులో బట్టలు కుట్టే తాజుద్దీన్ చాచా పెట్టిన భిక్ష. నలుగురిలో పేరొస్తుందని పొంగిపోయి స్టేజీ ఎక్కాను.

కుడివైపు తెలుగువాళ్లు, ఎడమవైపు చాచాతో సహా ఉర్దూవాళ్లు కూర్చున్నారు. మధ్యలో సన్నటి దారి, దాని చివర నా షాపు.

"రాజ్యాంగాన్ని సవరించాలి! ఈ నేల తెలుగు మాట్లాడేవాళ్లదే అని అందులో రాయాలి!" అని సారు గర్జించి, నా వైపు తిరిగాడు. "చెప్పవయ్యా, వాళ్లకూ అర్థం కావాలి."

అటునుంచి ఒక రాయి, ఇటునుంచి ఒక రాయి, నడుమ నా అద్దాలు! నోరు దానంతటదే ఉర్దూలో ఇలా తిరిగింది: "ఈ నేల అందరిదీ అని రాజ్యాంగంలో ఉంది. దాన్ని ఎవ్వరినీ ముట్టనివ్వమని సారు అంటున్నారు."

చప్పట్లు మోగాయి. సారు మొహం వెలిగిపోయింది.

"ఉర్దూ బోర్డులన్నీ పీకేయాలి!"

"ఉర్దూ బోర్డులన్నిటికీ కొత్త రంగు వేయిస్తారట!"

ఈలలు. కుడివైపు తెలుగువాళ్లేమో పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. ఎందుకో నాకు తట్టలేదు, చెప్పొద్దూ, భయంలో బుర్ర పనిచేస్తే కదా! చొక్కా చెమటతో ఒంటికి అతుక్కుపోయింది.

"సవరణకు ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి!"

"రాజ్యాంగం ఉన్నది ఉన్నట్టే ఉండాలనేవాళ్లు చేతులెత్తండి!"

రెండు వైపులా చేతులు లేచాయి. సారు ఆనందంతో కళ్లు తుడుచుకుని కారెక్కాడు.

ఒక్క అద్దం పగల్లేదు. ఊరిని కాపాడిన వీరుడిలా చాచా దగ్గరికి పోయి గుసగుసగా చెప్పాను. "చాచా, ఎవ్వరితోని అనకు. సారు చెప్పిందొకటి, నేను చెప్పిందొకటి."

చాచా సూదిలో దారం ఎక్కిస్తూ, "ఎర్కే బేటా" అన్నాడు.

"ఎర్కేనా! ఎట్ల?"

"నీకు ఉర్దూ ఎవరు నేర్పిండ్రు?"

"నువ్వే."

"ఏ భాషల నేర్పిన?"

తెలుగులోనే నేర్పాడు మరి!

"మరి చప్పట్లెందుకు కొట్టిండ్రు చాచా?"

"ఆయన మాటకు మాకు మస్తు కోపమొచ్చింది. ఇంతల నీ కాళ్లు వణుకుడు చూసినం. పాపం, పోరడు అంత కష్టపడుతుండని కొట్టినం. గా తెలుగోళ్లకు ఉర్దూ రాదా? గందుకే నవ్విండ్రు. మల్లేశ్‌కు రెండు దిక్కుల ఓట్లుండె, సప్పుడు చెయ్యలే."

సిగ్గుతో చచ్చిపోయాను. ఎందుకో సంతోషం కూడా వేసింది. ఆ సాయంత్రమే షాపులోని నిలువుటద్దం ముందు నిలబడి, చెయ్యి చాచి ప్రమాణం చేశాను: ఎవరి మాటైనా సరే, బోధన్‌వాళ్లకు అనువదించి చెప్పే పని ఈ జన్మలో మళ్లీ చేయను గాక చేయను.