ఉరిమితే వెనక్కెళ్ళే తేదీ

2024 వేసవి మొదట్లో సంగతి. సాలూరు బస్టాండు వెనక నాది చిన్న కంప్యూటర్ రిపేరు షాపు. కొండమీద ఊళ్ళవాళ్ళు సంతకి దిగినప్పుడు నా దగ్గరికీ వచ్చిపోతుంటారు.

అలాగే వచ్చింది సుభద్ర, ఎమ్మెస్సీ లెక్కలు చదువుతున్న గుంట. ఆమె పాత లాప్‌టాప్‌లో బ్యాటరీ ఎప్పుడో చచ్చింది, ప్లగ్గులో పెడితేనే నడుస్తుంది. వాళ్ళ కొండమీది పోడు చేను వాలును బట్టి వానకి మట్టి ఎంత కొట్టుకుపోతుందో సమీకరణాలు కట్టి, గ్రాఫులు గీసి ఒక యూనివర్సిటీకి పంపాలి. నచ్చితే వేసవి శిక్షణకు పిలుస్తారు. పెద్ద లెక్కలు నేర్చుకోవడానికి ఆ పిల్లకు దొరికిన దారి అదొక్కటే.

ఓపెన్ సోర్స్ గణిత సాఫ్ట్‌వేర్, అంటే ఎవరైనా ఉచితంగా వేసుకోగలిగేది, ఎక్కించి ఇచ్చాను. గ్రాఫులకు కావలసిన ప్యాకేజీలు, అంటే అదనపు భాగాలు, అవసరమైనప్పుడల్లా నెట్‌లోంచి దించుకోవాలి. ఇంటికెళ్ళాక ఒక్కటీ దిగలేదు.

"అన్నా, సర్టిఫికెట్ ఎర్రర్ అంతంది. ఏటి సెయ్యమంతారు?" అని ఫోన్ చేసింది.

"సిగ్నల్ బాగోలేదేమోనమ్మా. ఫోను కిటికీకి కట్టి సూడు."

కొండల్లో ఏది చెడినా నేరమంతా సిగ్నల్ మీదే తోసేస్తాం. ఆమె కూడా అదే నమ్మి, ఫోనును కిటికీకీ దూలానికీ కట్టి చూసింది. విసుగెత్తి షాపుకి తెస్తే ఇట్టే దిగింది! మళ్ళీ కొండెక్కితే మళ్ళీ మొండికేసింది. రిపేరుకొచ్చిన మిషన్లో తేదీ సరిచేయడం మాకు పొద్దున్నే పళ్ళు తోముకోవడంలాంటిది. ఆ పని చేస్తూ కూడా ఎవరమూ ఆలోచించం.

ఈలోగా గడువు దాటిపోయింది. మర్నాడు తల్లిని తోడు తెచ్చుకుని వచ్చింది.

"పంపడానికి కాదన్నా. ఆ గ్రాఫు గీత ఒక్కసారి సూడాలనుంది," అంది.

మిషన్ ఆన్ చేశానో లేదో, బయట ఫెళ్ళున ఉరిమింది. తల్లి ఒక్క గెంతులో వచ్చి ప్లగ్గు పీకేసింది.

"అయ్యో, ఏటమ్మా ఇది?"

"ఉరిమింది కద బాబూ! మా ఇంట్లో ఉరిమితే అన్నీ పీకేత్తాం. పక్కింటోల టీవీ పేలిపోనాది మరి."

తిరిగి ప్లగ్గు పెడితే తేదీ ఏళ్ళకేళ్ళు వెనక్కి పోయి కనిపించింది. కరెంటు లేనప్పుడు లోపలి గడియారాన్ని నడిపేది సీమోస్ బ్యాటరీ, చొక్కా గుండీ అంత ఉంటుంది. అదీ చచ్చింది. తేదీ తప్పితే, సైటు అసలుదేనని చూపించే సర్టిఫికెట్ ఏదీ చెల్లదు, ఏ ప్యాకేజీ దిగదు. షాపులో తేదీ నేనే దిద్దేవాణ్ణి కాబట్టి దిగేది, ప్లగ్గు పీకితే మళ్ళీ వెనక్కి పోయేది. పాపం సిగ్నల్ ఏం చేసింది!

కొత్త సెల్లు వేశాను. అన్నీ దిగాయి. తెరమీద వాళ్ళ కొండవాలు గీతగా జారింది.

"బాగయిందేటే గుంటా?" అంది తల్లి సంబరంగా.

"బాగయిందమ్మా." సుభద్ర తెర మూలకి చూసింది. "తేదీ కూడా ఇప్పుడు సరిగ్గానే సూపిత్తంది అన్నా."

మూత పెట్టి స్క్రూలు బిగించాను. అంత చిన్న సెల్లు ఆ పిల్ల దారికి అడ్డం పడింది.

ఇప్పుడు కొండమీది నుంచి ఎవరు ఏ మిషన్ తెచ్చినా మూత తెరవకముందే ఒకటడుగుతాను: "ఉరిమితే మీ ఇంట్లో ఏటి సేత్తారు?" నవ్వేవాళ్ళు నవ్వుతారు. జవాబు వినేదాకా స్క్రూడ్రైవర్ ముట్టుకోను.