రెండు వందల కొయ్య చేపలు

మా ఆయన వేళ్ళకు స్పర్శ పోయిందని నాకు తెలిసింది పాలగిన్నె వల్ల. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి. నేను మసిగుడ్డ కోసం వెతుకుతుంటే ఆయన వచ్చి, ఉత్త చేతులతో గిన్నె దించి పక్కన పెట్టి, మళ్ళీ పేపరు చదువుకోవడానికి వెళ్ళిపోయాడు. అరగంట తర్వాత చూస్తే కుడిచేతి మూడు వేళ్ళ మీదా బొబ్బలు లేచి ఉన్నాయి.

"ఏమండీ, కాల్లేదా?" అన్నాను.

చేతిని వెలుగులో పెట్టి, పక్కింటివాళ్ళ చెయ్యి చూసినట్టు చూసుకున్నాడు.

"కాలినట్టుందే," అన్నాడు.

ఆయన పని కొయ్య చేపలు చెయ్యడం. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. గాలం వేసేవాళ్ళలో కొందరు వానపాముల జోలికి పోరు. బొటనవేలంత కొయ్య చేపకు రంగులు వేయించి, కడుపు కింద ముళ్ళు తగిలించి, దారానికి కట్టి నీళ్ళలోకి విసిరి లాగుతారు. అది ఒళ్ళు తిప్పుకుంటూ ఈదాలి. దాన్ని చూసి పెద్ద చేప, ఎవరో చిన్నవాడు దొరికాడనుకుని నోరు పెట్టాలి. ఈదకపోతే ఎన్ని రంగులు వేసినా అది కొయ్యముక్కే. ఆ ఒయ్యారమంతా ఆకారంలో ఉంటుంది. తల దగ్గర ఎంత లావు, నడుము దగ్గర ఎంత, తోక ముందు ఎంత సన్నం అన్నదాంట్లో ఉంటుంది.

మా ఇంటి వెనక రేకుల షెడ్డులో లేత్ ఉంది. కొయ్యకడ్డీని రెండు మొనల మధ్య బిగిస్తే గిర్రున తిప్పుతుంది, ఉలి ఆనిస్తే పొట్టు ఎగురుతుంది. ముప్పై ఏళ్ళు ఆయన ఆ ఉలి పట్టుకుని నిలబడ్డాడు. కొలిచే పరికరం లేదు, కాగితం మీద గీత లేదు. లేత్ ఆపి, కళ్ళు మూసుకుని, బొటనవేలినీ చూపుడువేలినీ చేప నోటి నుంచి తోకదాకా ఒక్కసారి జార్చేవాడు. "కన్ను మొహమాటపడుతుంది, వేలు పడదు," అనేవాడు. వేలు సరేనంటే చేప నా దగ్గరికి వచ్చేది. గరుకు కాగితం రుద్దడం, రంగులో ముంచడం, కళ్ళు దిద్దడం, పెరట్లో సిమెంటు తొట్టిలో లాగి చూడటం నా వంతు. కాబట్టి ఆయన చేసిన ప్రతి చేపా నా వేళ్ళ మధ్య నుంచి కూడా వెళ్ళిందే.

ఇంకో పద్ధతి కూడా ఉంది. తయారైన చేపను ఒక్కదాన్ని కూడా ఇంట్లో ఉంచనివ్వడు. నిన్నటి చేపను చూసి ఇవాళ్టి చేప చేసేవాడికి ఎప్పటికీ చెయ్యి కుదరదని, పని నేర్పిన పెద్దాయన చెప్పాడట. నేనొకసారి ముద్దొచ్చి ఒక ఎర్ర చేపను అద్దం దగ్గర పెట్టుకుంటే, నేను స్నానం చేసి వచ్చేలోపు దాన్ని పట్టుకుపోయి కొట్టులో ఇచ్చి వచ్చాడు. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. ఆ రాజెవరో గానీ మా ఆయనతో ఒక్క వారం కాపురం చేసి చూడాల్సింది.

నరాల డాక్టరు సూదితో గుచ్చుతూ "తెలుస్తోందా?" అని అడిగాడు. "లేదు." "ఇక్కడ?" "లేదు." ముప్పై ఏళ్ళ ఉలి అదురు నరాలను తినేసిందని, పోయింది రాదని, ఉన్నదైనా మిగలాలంటే ఉలి పట్టడం మానెయ్యాలని చెప్పాడు. బస్సులో వస్తున్నప్పుడు నాకు ఏడుపొస్తుందనుకున్నాను. రాలేదు. ఇంట్లో ఉల్లిపాయలు ఉన్నాయా, అయిపోయాయా అని ఆలోచించాను. ఆయన కిటికీలోంచి దుకాణాల బోర్డులు చదువుకుంటూ కూర్చున్నాడు. జబ్బు ఇద్దరికీ వచ్చినట్టుంది. నాకు వేళ్ళలో మాత్రం కాదు.

బస్సు దిగాక ఒక్క మాట అన్నాడు. "ఎవరికీ చెప్పకు. కొట్టాయనకైతే అసలే వద్దు."

కొట్టాయన అంటే గాలాల కొట్టు యజమాని. మా చేపలన్నీ అమ్మేది ఆయనే. 'మేస్త్రీ వేలు పెట్టిన చేప' అని చెప్పి అమ్ముతాడు. మా ఆయనకు ఈ లోకంలో ఉన్న పేరంతా ఆ వేలిదే. వేలు పోయిందని తెలిస్తే ఆ పేరు కూడా పోతుంది. ఆయన భయం అదీ. ఆయన చెప్పలేదు, నేను అడగలేదు, అయినా ఇద్దరికీ తెలుసు.

పది రోజులు గోడవైపు తిరిగి ఊరికే కూర్చున్నాడు. పదకొండో రోజు షెడ్డు నేల మీద సుద్దముక్కతో ఏదో గీస్తూ కనిపించాడు. "చెయ్యి చూడకుండా చెక్కే ఉపాయం ఒకటుంది," అన్నాడు. తిరిగే కొయ్యకు సరిగ్గా పైన, ఒక నమూనా చేపను కదలకుండా బిగించాలి. ముందువైపు ఒక జారుడు పలక. ఆ పలకకు పైన మొండి కడ్డీ ఒకటి, కింద ఉలి ఒకటి. పలకను అరచేత్తో తోస్తుంటే పైన కడ్డీ నమూనా ఒంటిని రాసుకుంటూ పోతుంది, కింద ఉలి అదే దారిలో కొత్త కొయ్యను చెక్కుతుంది. నమూనా ఎలా ఉంటే చేప అలా వస్తుంది. వేళ్ళతో పనే లేదు. చెప్పిందే చెబుతుంది కాబట్టి నేను దానికి చిలక అని పేరు పెట్టాను. ఆయనకు నచ్చలేదు, కానీ తర్వాత ఆయన కూడా అదే అన్నాడు.

చిలకను కట్టడానికి రెండు నెలలు పట్టింది. పాత సామాన్ల దుకాణం నుంచి ఆఫీసు బల్ల సొరుగుల ఇనుప పట్టాలు తెచ్చాడు. రెండు అటూ ఇటూ జారడానికి, రెండు ముందుకూ వెనక్కూ జారడానికి. అరిగిపోయిన ఆకురాయి ముక్కను నూరి ఉలి చేశాడు. మొదటి చేప మెడ దగ్గర కంతి లేచినట్టు వచ్చింది. కడ్డీ మొన ఉలి మొన కన్నా లావుగా ఉండి, నమూనా వంపులోకి దిగలేదట. రెండు మొనలనూ ఒకే గుండ్రంలో అరగదీశాడు. తర్వాత పట్టాలు ఊగాయి. డబ్బా రేకు కత్తిరించి సందుల్లో దోపాడు. ఆ రేకులు వేళ్ళను కోసేవి, ఆయనకు తెలిసేది కాదు. పలక మీద రక్తం చుక్కలు చూసి నేను పరిగెత్తేదాన్ని. రోజూ సాయంత్రం చేతులు చాపమని, బళ్ళో పంతులమ్మ గోళ్ళు చూసినట్టు చూసేదాన్ని. ఆయన బుద్ధిగా చాపేవాడు. అది చూసి నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేసేదాన్ని కాదు.

ఆ ప్రయత్నాలన్నీ చెత్త కొయ్యతో చేసిన ఉత్తుత్తి నమూనాలతోనే. చిలక సిద్ధమయ్యాక అసలు నమూనా కావలసి వచ్చింది. ఇంట్లో ఒక్క చేప లేదు, పద్ధతి పుణ్యమా అని.

"కొట్టుకెళ్ళి ఒకటి అడిగి తెస్తాను," అన్నాను.

"ఎందుకని అడిగితే ఏం చెబుతావు? మేస్త్రీ తన చేపను తానే మర్చిపోయాడని చెబుతావా?"

"చుట్టాలకు ఇవ్వడానికంటాను."

"ముప్పై ఏళ్ళలో ఏ చుట్టానికి ఇచ్చాం?"

ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. డాక్టరు వద్దన్న ఉలిని మళ్ళీ పట్టుకుని, గట్టి కొయ్య మీద రెండు రోజులు కష్టపడి నమూనా చేశాడు. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. లేత్ ఆపాడు. కళ్ళు మూసుకున్నాడు. బొటనవేలినీ చూపుడువేలినీ నోటి నుంచి తోకదాకా జార్చాడు. ఏమీ తెలియని వేళ్ళతో ఆ పని ఎందుకు చేశాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు. చేసి, తల ఊపి, చేపను నా చేతిలో పెట్టాడు.

నా వేలు తోక ముందు ఆగింది. సన్నబడుతూ పోవాల్సిన చోట చిన్న ఉబ్బు. వెలుగులో తిప్పి చూస్తే కంటికి కనిపించలేదు. వేలికి మాత్రం దొరుకుతోంది.

"ఎలా ఉంది?" అన్నాడు.

"బాగుంది," అన్నాను.

ఎందుకన్నానో చెబుతాను, దాచుకోవడానికేమీ లేదు. భయపడ్డాను. ఆ రెండు నెలల్లో ఆయన నన్ను ఎలా ఉందని అడగడం అదే మొదటిసారి. బాగాలేదంటే మళ్ళీ గోడవైపు తిరిగి కూర్చుంటాడు. అంత చిన్న ఉబ్బు, గరుకు కాగితంతో పోతుందిలే అనుకున్నాను. రెండుసార్లు రుద్దానో లేదో, "చాల్లే, ఆకారం పోతుంది," అని లాక్కుని బిగించేశాడు. గోటితో పోయేది, గొడ్డలి దాకా పోనిచ్చాను.

ఎనిమిది రోజుల్లో రెండు వందల చేపలు వచ్చాయి. చేత్తో అయితే రెండు నెలల పని. మొదటి నాలుగైదింటిని తొట్టిలో లాగి చూశాను. కొంచెం బద్ధకంగా కదిలాయి. తొట్టి పట్టుమని రెండు బారలు కూడా లేదు, దాంట్లో ఏం తెలుస్తుందిలే అని నాకు నేనే చెప్పుకున్నాను. మనిషి అబద్ధానికి అలవాటుపడితే తొట్టి కూడా సాక్ష్యం చెబుతుంది.

మూడు వారాల తర్వాత కొట్టాయన స్కూటరు మీద గోనెసంచి వేసుకుని వచ్చాడు.

"ఏమనుకోకు మేస్త్రీ," అన్నాడు, చెప్పులు విప్పకుండానే. "ఇవి ఈదట్లేదు. లాగితే తిన్నగా కర్రలా వచ్చేస్తున్నాయి. కొన్నవాళ్ళు తెచ్చి నా బల్ల మీద పడేసి పోతున్నారు. నీ చేపలేనా అని అడుగుతున్నారు."

"కొయ్య తడి ఆరలేదేమో," అన్నాడు మా ఆయన. "మళ్ళీ చేసిస్తాను."

కొట్టాయన నావైపు చూశాడు. నేను బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డాను.

ఆ రోజు నుంచి మా ఆయన చిలకను విప్పడం, బిగించడం. దారం పట్టి పట్టాలు సరిచూశాడు. ఉలి మార్చాడు. రేకులన్నీ పీకి కొత్తవి దోపాడు. మూడుసార్లు విప్పాడు, మూడుసార్లూ చేప అలాగే వచ్చింది. నేను మింగలేక కక్కలేక వంటింట్లోంచి షెడ్డుకి, షెడ్డులోంచి వంటింట్లోకి తిరిగాను. నాలుగో రోజు మధ్యాహ్నం పలకను, పట్టాలను ఒక మూట కట్టి గుమ్మంలో పెట్టాడు.

"పాత సామాన్లవాడు వస్తే ఇచ్చెయ్," అన్నాడు. "ఇక ఈ పని వద్దు."

కోపంగా అన్నా బాగుండేది. ఉప్పు అయిపోయిందని చెప్పినట్టు చెప్పాడు.

"చిలకది తప్పు కాదు," అన్నాను. "నమూనాలో ఉంది."

"ఏముంది?"

"తోక ముందు ఉబ్బుంది."

నమూనా తీసుకుని కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూశాడు. తర్వాత కళ్ళు మూసుకుని వేలు జార్చాడు. ఆపలేదు. నేను ఆయన బొటనవేలు పట్టుకుని సరిగ్గా ఆ ఉబ్బు మీద పెట్టి నొక్కాను.

"ఎక్కడ?" అన్నాడు.

"ఇక్కడే. మీ వేలి కిందే."

కాసేపు అలాగే ఉంచాడు. నేను కూడా చెయ్యి తియ్యలేదు.

"నీకెప్పుడు తెలిసింది?"

"మీరు నా చేతికిచ్చిన రోజే."

"రెండు వందలు చేస్తుంటే చూస్తూ ఊరుకున్నావా?"

"ఊరుకున్నాను."

తిడతాడని చూశాను. తిట్టించుకోవాలని ఉంది నాకు, నిజంగా. తిట్టలేదు. మూట విప్పి పట్టాలు మళ్ళీ బిగించాడు. కొత్త గట్టి కొయ్య ఒకటి లేత్‌లో ఎక్కించి, స్టూలు ఒకటి లాగి, "కూర్చో," అన్నాడు.

మూడు రోజులు కూర్చున్నాను. ఆయన కొంచెం చెక్కి లేత్ ఆపేవాడు. నేను కళ్ళు మూసుకుని వేలు జార్చేదాన్ని. "ఇంకా." మళ్ళీ చెక్కేవాడు. "ఇంకొంచెం. ఇక్కడ కాదు, ముందుకి." మళ్ళీ. పెళ్ళయిన కొత్తలో కూడా మేం అంతసేపు పక్కపక్కన కూర్చోలేదు. దాని గురించి ఏదైనా అనిపించాలి కదా అనుకున్నాను. పొట్టు కళ్ళలో పడకుండా చూసుకోవడంతోనే సరిపోయింది. మూడో రోజు నా వేలు తోకదాకా ఎక్కడా ఆగకుండా పోయింది. "చాలు," అన్నాను. ఆయన తన వేలితో చూడలేదు.

కొత్త చేపలు తొట్టిలో కూడా నడుము తిప్పాయి. రెండు వందలూ పూర్తయ్యాక కబురు పెడితే కొట్టాయన ఒక ఉదయం వచ్చాడు. ఒకసారి చెయ్యి కాల్చుకున్నవాడు, ఊరికే పట్టుకుపోతాడా? షెడ్డులో కుప్పలోంచి ఒక చేప తెచ్చి మా ఆయనకు ఇచ్చాడు.

"నా కళ్ళ ముందు ఒక్కసారి నీ వేలు వెయ్యి మేస్త్రీ. నువ్వు ఊ అంటే చాలు, మారు మాట్లాడకుండా పట్టుకుపోతా."

మా ఆయన చేప తీసుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. బొటనవేలు చేప నోటి మీద ఆనింది. అక్కడే ఉంది, కదలలేదు. జార్చి తల ఊపితే చాలు. చేప బాగుంది, అది నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. పేరు నిలబడిపోతుంది.

కళ్ళు తెరిచి, చేపను నావైపు చాపాడు.

"నా వేళ్ళకు ఏమీ తెలియదు," అన్నాడు. "నాలుగైదు నెలలు అవుతోంది. ఈవిడను అడుగు."

టైము ఎంతయిందో చెప్పినట్టు చెప్పాడు. కొట్టాయన మా ఆయన వేళ్ళవైపు చూసి, చూపు తిప్పుకుని, చివరికి నావైపు తిరిగాడు. నేను కళ్ళు మూసుకుని వేలు జార్చాను. తోకదాకా వెళ్ళింది. కళ్ళు తెరిస్తే మా ఆయన ముఖం కనిపిస్తుంది. తెరవలేక ఇంకోసారి జార్చాను.

"ఏం వదినా, తేడా ఉందా?" అన్నాడు కొట్టాయన.

"లేదు," అన్నాను.

తెరిచి చూస్తే మా ఆయన అక్కడ లేడు. షెడ్డులో నేల మీద కూర్చుని, మిగతా చేపలను సంచిలోకి ఎత్తుతున్నాడు. దోసిళ్ళకు దోసిళ్ళు, ఒక్కదాన్ని కూడా తడిమి చూడకుండా.