భాస్కరంగారి జున్ను

తడిసిన కుక్క వాసన చాలామందికి గిట్టదు. నాకు మాత్రం ఆ వాసన తగిలితే అమలాపురం గుర్తొస్తుంది. నిన్న వానలో తడిసొచ్చిన మా లాబ్రడార్ నడిహాల్లో నిలబడి ఒళ్లు విదిల్చింది. గోడలూ, టీవీ, మా ఆవిడా తడిశారు. నేను పాత తువ్వాలు తీసుకుని ముందు దాని చెవులు పైకి మడిచి లోపల తుడిచాను. "ఒళ్లంతా నీళ్లు కారుతుంటే చెవులేంటండీ?" అంది మా ఆవిడ. ఒళ్లు దానంతటదే ఆరుతుంది. వేలాడే చెవుల కింద తడి నిలిచిపోయి చీము పడుతుంది. ఈ మాట నాది కాదు, భాస్కరంగారిది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను రొయ్యల మేత అమ్మేవాణ్ణి. పొద్దున్నే అల్లవరం చెరువుల మీదికి పోయి, మధ్యాహ్నానికి అమలాపురంలో భాస్కరంగారి మేడమీద నా అద్దెగదికి చేరేవాణ్ణి. ఆయన పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరయ్యారు. ఊరంతా డాక్టరుగారూ అనేది. అన్నప్పుడల్లా "కాంపౌండర్నండి" అని దిద్దేవారు. ఇరవయ్యేళ్లుగా పిలుస్తున్నవాళ్లని కూడా వదిలేవారు కాదు. నేనేమో జానెడు రొయ్యని బారెడు చేసి చెప్పే రకం. అయినా నా కబుర్లంటే ఆయనకి సరదా. అరుగు మీద కూర్చోబెట్టి చివరిదాకా విని, "అందులో నిజం ఎంతండి శ్రీనుబాబూ?" అనేవారు.

"పావు వంతుంటుందండి."

"ఆయ్. పావంటే తక్కువేం కాదు" అని తృప్తిగా లేచేవారు.

ఆయన లాబ్రడార్ పేరు జున్ను. రంగూ అదే. భార్య పోయాక ఆ ఇంట్లో ఆయన పలకరించడానికి మిగిలిన ప్రాణి అదొక్కటే. పసిపిల్లలు తోక పట్టుకుని లాగినా కళ్లు మూసుకుని ఓర్చుకునేది. దొంగ వస్తే దారి చూపించి మంచినీళ్లిచ్చే స్వభావం. నీళ్లంటే పిచ్చి. ఇంటిముందు కాలువలో కొబ్బరికాయ తేలిందంటే ఈదుకుంటూ పోయి పీచు కరిచి తెచ్చేది. లేతవి అరుగు మీద, ముదురువి పెరట్లో వేరుచేసి పెట్టేదని నేను అల్లవరమంతా చెప్పుకొచ్చాను. ఒడ్డుకి రాగానే భాస్కరంగారు తువ్వాలుతో చెవులు తుడిచేవారు. తర్వాత పక్కలు తడిమి చూసేవారు.

"ఈ జాతికి కడుపు నిండడమంటే తెలీదండి. మన పళ్లెం చూసి జాలిగా మొహం పెట్టడం దాని పని, పెట్టకుండా ఉండడం మన పని. చేతికి ఎముకలు తగలాలి. ఒళ్లు చేసిందంటే కీళ్లు పోతాయి." ఒకరోజు తడిమి, "తగలట్లేదేంటండీ?" అన్నారు.

"పక్కింటివాళ్లు పెడుతున్నారేమోనండి" అన్నాను. నా టిఫిన్లో రోజూ రెండిడ్లీలు దానివే.

ఒకరోజు, దుబాయ్ నుంచి వచ్చిన చెరువు ఆసామి ఒకాయన నాకో చాక్లెట్ల డబ్బా ఇచ్చాడు. నల్లటి చాక్లెట్లు, వేపాకంత చేదు. ఒకటి నమిలి ఊసేశాను. మెట్ల మీద జున్ను కూర్చుని నన్నే చూస్తోంది. దానికి చేదూ తీపీ ఒకటే. డబ్బా ముందు పెడితే ఖాళీ చేసింది.

నాలుగింటికి కిందనుంచి భాస్కరంగారి కేక. జున్ను వగరుస్తూ, చొంగ కారుస్తూ, నిలవలేక అటూ ఇటూ తిరుగుతోంది. వెనక కాళ్లు వణుకుతున్నాయి.

"ఏం తిందో చూసేరా?"

"గట్టు మీద తిరిగిందండి. మందు కొట్టిన చేలో దూరిందేమో" అన్నాను. నోటికి అలవాటైన పని నోరు చేసుకుపోయింది.

ఆయన పెట్టె తెరిచి, పురుగుమందుకి విరుగుడు సూదిలోకి ఎక్కించారు. దాని గుండె మీద చెయ్యి వేసి ఆగిపోయారు.

"గుండె దౌడు తీస్తోందండి. ఈ సూది ఇంకా పరిగెత్తిస్తుంది. పురుగుమందైతే బతికిస్తుంది, కాకపోతే నా చేత్తో నేనే..." నా వైపు తిరిగారు. "శ్రీనుబాబూ, ఇవాళ పావు వద్దండి. మొత్తం కావాలి."

"చాక్లెట్లండి. నల్లవి. పద్నాలుగు. రెండుంబావుకి. నేనే పెట్టేనండి. ఇడ్లీలు కూడా నేనేనండి."

"చాక్లెట్లు కుక్కలకి విషమండి" అంటూ ఆయన సూది కింద పెట్టేశారు. ఆసుపత్రి డాక్టరుకి ఫోన్ చేసి, నేను చెప్పింది చెప్పినట్టు ఒప్పగించారు. డాక్టరు చెప్పినట్టే కక్కించి, బొగ్గుపొడి నీళ్లలో కలిపి తాగించారు. మూతి పట్టుకున్నది నేనే. చీకటి పడేదాకా ఆయన చెయ్యి ఆ గుండె మీదే ఉంది. దీపాలు పెట్టే వేళకి జున్ను తల తిప్పి నా జేబు వాసన చూసింది. ఇంకా ఏమైనా ఉందేమోనని.

"బతికిందండి" అన్నారాయన. తిడతారని కూర్చున్నాను. తిట్టలేదు. మర్నాడు గది ఖాళీ చేద్దామని సంచీతో దిగితే, అరుగు మీద నా చోటు తువ్వాలుతో దులిపి, "మొన్న రొయ్య కథ సగంలో ఆపేరు. కూర్చోండి. నాకు ఎన్నయినా చెప్పండి, నేను ఎంత నిజమని అడుగుతాను. జున్నుకి అడగడం రాదు కదండీ" అన్నారు. సంచీ కింద పెట్టేశాను.

ఇప్పుడు మా కుక్కకి నలతగా ఉంటే డాక్టరు దగ్గర నేనే మాట్లాడతాను. తిన్నది జంతికలైతే ఎన్నో, ఎన్నింటికో, పెట్టిందెవరో ఉన్నదున్నట్టు చెప్తాను. "ఈ ఒక్కచోటేనండీ ఈయన మాట నమ్మొచ్చు" అంటుంది మా ఆవిడ.

మీరూ అడుగుతారు, ఇందులో నిజం ఎంతని. కొబ్బరికాయలు వేరుచేసి పెట్టడం దగ్గర పావు కూడా లేదు. ఆ పద్నాలుగు మాత్రం మొత్తం.