గుట్ట మీద కప్పు తట్టిన చప్పుడు

దయ్యాల ముచ్చట్లు ఎవరైనా మొదలుపెడితే లేచి వెళ్లిపోయే మనిషిని నేను. పుట్టి పెరిగింది మందమర్రిలో, బొగ్గుబాయి కాలనీలో. బాయిలో, అంటే గనిలో, చనిపోయినవాళ్లు తెల్లారకముందే డ్యూటీకి పోతుంటారని మా వీధిలో సగం మంది నమ్మేవాళ్లు. మా బాపు నమ్మేవాడు కాదు. "సచ్చినోళ్లు ఏం జేయరు బిడ్డా, బతికున్నోళ్ల సోయి లేనితనమే మనుషుల్ని మింగుతది" అనేవాడు. నాదీ అదే మాట. ఇప్పుడు మంచిర్యాలలో ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. పరీక్ష చేయందే జ్వరాన్ని కూడా నమ్మను.

కాబట్టి ఇది ఎవరినీ భయపెట్టడానికి రాయడం లేదు. కోపం ఆగక రాస్తున్నాను.

ముందు బాపు పని గురించి చెప్పాలి. బాయిలో తలమీద ఉండే బండను కప్పు అంటారు. కొత్త చోట పని మొదలుపెట్టేముందు ఒకరు ముందుగా పోయి కర్రతో ఆ కప్పును తట్టి చూస్తారు. ఖంగుమంటే గట్టి బండ. డొల్ల చప్పుడు వస్తే పైన పొర విడిచిందని అర్థం, అందరూ వెనక్కి రావాల్సిందే. బాపు రెండు దెబ్బలు కొట్టి, ఆగి, విని, ఒక అడుగు జరిగి మళ్లీ రెండు కొట్టేవాడు. బయటికి వచ్చినా ఆ అలవాటు పోలేదు. నా పెళ్లిలో ఫంక్షన్ హాలు స్లాబును కూడా గొడుగు కర్రతో తట్టి చూశాడు. మా అత్తగారివాళ్లు పడీపడీ నవ్వారు.

ఒకసారి తన మీద ఆఫీసర్‌కు లేనిపోనివి ఎక్కించిన మనిషినే బాపు కూలబోతున్న కప్పు కింద నుంచి గుంజి అవతల పడేశాడు. అసొంటోని కోసం నువ్వు ఉరుకుడేందని మా అమ్మ తిట్టింది, ఆమెను మేం అవ్వ అంటాం. "బండ కిందున్నోడు ఎవడని సూస్తమా?" అన్నాడు బాపు, అన్నం కలుపుకుంటూ.

ఊపిరితిత్తుల్లో దుమ్ము చేరి రెండేళ్ల కింద బాపు పోయాడు.

నా తమ్ముడు శ్రీను దుబాయిలో బిల్డింగుల పని చేసేవాడు. అక్కడ వాడి కళ్లముందే, వాడి రూంలో ఉండేవాడే, ఎత్తు మీద నుంచి పడి చనిపోయాడు. అప్పటి నుంచి శ్రీను మునుపటి మనిషి కాదు. ఇంటికి వచ్చాక డాబా మీదికి కూడా ఎక్కేవాడు కాదు. నిచ్చెన పట్టుకుంటే చేతులు వణికేవి. వాడు అట్లాగే మిగిలిపోతాడేమోనని అవ్వ రోజూ ఏడ్చేది.

అప్పుడు నా ఫోన్‌లో ఒక ప్రకటన కనబడింది. గుట్ట ఎక్కించి, భయం పోగొట్టి, జీవితానికి పనికొచ్చే పాఠాలు నేర్పుతారట. శ్రీనును ఒప్పించి, వాడి సంగతంతా వాళ్లకు ఫోన్లో చెప్పి, తోడుగా నేనూ బయలుదేరాను.

ఇచ్చోడ దాటి అడవిలోకి పోతే వస్తుంది ఆ గుట్ట. వానలు అప్పుడే వెనకపట్టాయి. బండలన్నీ ఇంకా తడిగానే ఉన్నాయి. మమ్మల్ని ఎక్కించే సారు పేరు చెప్పను. నల్లద్దాలు, నడుముకు చిన్న స్పీకరు, నోటి ముందు మైకు. మలుపు మలుపుకూ ఒక పాఠం. చెమట పడితే పాఠం, దాహమైతే పాఠం, కాలు జారినా పాఠమే. నాకు ఒళ్లు మండుతూనే ఉంది. కానీ శ్రీను తాడు పట్టుకుని ఒక్కో అడుగూ ఎక్కుతున్నాడు. ఒకచోట నన్ను చూసి నవ్వాడు కూడా. ఎన్ని నెలలకు నవ్వాడో! వాని కోసం ఈ మైకును భరిద్దాంలే అనుకున్నాను.

సగం ఎక్కాక దారి మీదికి చూరులా ముందుకు వచ్చిన పెద్ద బండ ఉంది. దాని కింద నుంచే పోవాలి. ఒక్కొక్కరు దాని కింద నిలబడి, తమ భయం పేరు గట్టిగా అరిచి, "నిన్ను వదిలేస్తున్నా" అనాలట. సారు అది వీడియో తీస్తాడు. ముఖాలు కనబడాలని హెల్మెట్లు తీయించాడు. తలకు పెట్టుకున్నదే రాళ్ల కోసం. ఆ తెలివి కూడా లేదు!

ముందు శ్రీనును పిలిచాడు. "మీ తమ్ముడి స్టోరీ వీడియోకి బాగా పనికొస్తుంది మేడం" అన్నాడు నాతో. దుబాయిలో చనిపోయిన ఆ పిల్లగాడు వీనికి స్టోరీ అయ్యాడు.

శ్రీను బండ దాకా పోయి ఆగిపోయాడు. తల పక్కకు వంచి వింటున్నాడు.

"అక్కా, ఎవలో కప్పు తడుతున్నరు" అన్నాడు.

నాకూ వినబడింది. కర్రతో రాతిని తట్టినట్టు రెండు దెబ్బలు. కాస్త ఆగి, కొంచెం అవతల, మళ్లీ రెండు. మొదటివి ఖంగుమన్నాయి. తర్వాతివి డొల్లగా వచ్చాయి. పొద్దు నడినెత్తికి వస్తోంది, గాలి కూడా లేదు. బండ మీద గానీ కింద గానీ మనిషి లేడు.

సారు శ్రీను వీపు మీద చెయ్యి వేసి ముందుకు తోశాడు. "వెనక్కి అడుగేస్తే జీవితమంతా వెనక్కే బ్రదర్!" అన్నాడు మైకులో.

అరికాలి మంట నెత్తికెక్కింది. శ్రీను బ్యాగు పట్టుకుని ఇవతలికి గుంజాను.

"చెయ్యి తియ్! నీ వీడియో కోసం నా తమ్మున్ని బండ కిందికి నూకుతవా?"

"మేడం, మీ తమ్ముడికి భయం నేర్పింది మీ ఇల్లే" అన్నాడు సారు, నవ్వుతూ, అందరికీ వినబడేలా.

మా ఇల్లట! ముప్పై ఏళ్లు పదిమంది నెత్తులను కాపాడిన మనిషి ఇల్లు. వాని మైకు గుంజి లోయలో పారేద్దామనిపించింది. వెనక ఉన్నవాళ్లు మావల్ల టైం పోతోందని గొణుగుతున్నారు. నేను దారికి అడ్డంగా కూర్చున్నాను. శ్రీనునూ కూర్చోబెట్టాను.

"చూడండి ఫ్రెండ్స్" అని సారు ఫోన్ ఇంకొకరికి ఇచ్చి, మమ్మల్ని దాటుకుని తనే బండ కిందికి పోయాడు. చేతులు చాపి నిలబడ్డాడు.

అప్పుడు మళ్లీ వచ్చింది. ఈసారి ఆగలేదు. వరసగా, తొందర తొందరగా, అన్నీ డొల్ల దెబ్బలే. పరుగెత్తమని చెప్పే దెబ్బలు. సారు చేతులు దిగిపోయాయి. తలెత్తి పైకి చూశాడు. తర్వాత వెనక్కి వెనక్కి నడుస్తూ బయటికి వచ్చాడు.

"ఇన్నరా సారు?" అని అడిగాను.

సారు సీసా ఎత్తి నీళ్లు తాగాడు. మైకు సర్దుకున్నాడు. "ఫ్రెండ్స్, ఈరోజు పెద్ద పాఠం. దారి మార్చుకోవడం ఓటమి కాదు!" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. చుట్టు తిరిగి వేరే దారిలో పైకి పోయాం.

పైన స్పీకర్ పాటల మోతలో మాకేమీ వినబడలేదు. దిగేటప్పుడు చూస్తే ఆ చూరు బండ దారి మీద పడి ఉంది. ట్రాక్టర్ ట్రాలీ అంత ముక్క. అప్పుడే పగిలిన రాతి వాసన వస్తోంది. సారు నా వైపు చూడలేదు.

మర్నాడు వీడియో పెట్టాడు. తన అంతరాత్మ హెచ్చరించిందట, నాయకుడికి సిక్స్త్ సెన్స్ ఉండాలట. కింద అందరూ దండాలు పెట్టారు. శ్రీను పేరే లేదు. అత్త సొమ్ము అల్లుడు దానం అంటే ఇదే.

ఆ వీడియోను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. తట్టిన చప్పుడు అందులో లేదు. కానీ సారు తలెత్తి చూడడం ఉంది. ఫోన్ చేసి నిలదీశాను. వడ్రంగిపిట్ట అయ్యుంటుందని చెప్పి పెట్టేశాడు. వడ్రంగిపిట్ట రాతిని ఎందుకు పొడుస్తుంది? మాతో వచ్చిన వాళ్లను అడిగితే ఏమీ వినలేదన్నారు. బండ విచ్చుకునేముందు చప్పుడు చేస్తుందని బాపు అనేవాడు. అదే కావచ్చు. మరి రెండు కొట్టి, ఆగి, అడుగు జరిగి మళ్లీ రెండు కొట్టడం ఆ రాయికి ఎవరు నేర్పారు?

నిజం చెప్పాలంటే, ఇప్పుడు నా కోపం సారు మీదకన్నా బాపు మీదే ఎక్కువ. మొన్న ఆదివారం శ్రీను మా ట్యాంకు కడగడానికి నిచ్చెన ఎక్కాడు. చేతులు కొంచెం వణుకుతున్నా ఎక్కాడు. నేను కింద నిచ్చెన పట్టుకుని ఆ కోపమే వెళ్లగక్కాను.

"మనకు చెప్పిండు, సరే. తన ఇంటినే మాటలన్నోనికి గూడ ఎందుకు చెప్పాలె? మనకంటె ఎక్కువ గట్టిగ వానికే తట్టిండు. జర ఊకుంటే ఏమైతుండె?"

శ్రీను పై మెట్టు మీద ఆగాడు. వేలి కణుపులతో స్లాబు అంచును రెండుసార్లు తట్టి, విని, నా వైపు చూశాడు.

"బండ కిందున్నోడు ఎవడని సూస్తడా అక్కా, బాపు?"

నేను నిచ్చెన గట్టిగా పట్టుకుని నిలబడ్డాను.