ఎడమవైపు బ్రేకు

జలంత్రకోట దయామణి గారికి డ్రైవింగ్ రాదు. సైకిలు తొక్కడం కూడా రాదు. అయినా ఉద్దానం మొత్తం మీద ఆవిడంత కాలం బ్రేకు వేసిన మనిషి ఇంకొకరు లేరన్నది మా ఊరి వాళ్ళ దృఢవిశ్వాసం. పెళ్ళయిన కొత్తలో భర్త జెకర్యా గారి కొబ్బరికాయల లారీలో ఎడమవైపు సీటు అలంకరించింది మొదలు, ఎదురుగా ఏది కనిపించినా కుడికాలితో నేలను గట్టిగా నొక్కడం, నోటితో "బ్రేకు! బ్రేకు!" అనడం ఆవిడ పెట్టుకున్న వ్రతం. ఆవు కనిపించినా నొక్కేవారు, ఆవు నీడ కనిపించినా నొక్కేవారు. కిలోమీటరు రాళ్ళను కూడా నిర్లక్ష్యం చేసి ఎరగరు.

లారీ పోయి వ్యాను వచ్చింది, వ్యాను పోయి పాత కారు వచ్చింది. ప్రతి బండిలోనూ డ్రైవరు కాళ్ళ కింది మ్యాట్ కన్నా ఆవిడ కాళ్ళ కిందిదే ముందు చిల్లుపడింది. కారు కడిగే పైడిరాజు ఒకసారి ఆ చిల్లులో వేలు పెట్టి చూసి, "బాబూ, ఈ బండికి బ్రేకు ఎటేపుందండీ?" అని అడిగాడు. దయామణి గారు దాన్ని వెక్కిరింపుగా కాక బిరుదుగా స్వీకరించారు.

ఆవిడ కొడుకు ఎడ్విన్‌కు కాశీబుగ్గలో సెల్‌ఫోన్ల షాపు ఉంది. మొన్న అతను కొత్త కారు కొన్నాడు. అందులో అడాప్టివ్ క్రూజ్ కంట్రోల్ అనే ఏర్పాటు ఉంది. ఎంత స్పీడు కావాలో ఒకసారి చెప్పి కాలు తీసేస్తే చాలు. ముందు బండి నెమ్మదిస్తే తానూ నెమ్మదిస్తుంది, అది తప్పుకుంటే మళ్ళీ చెప్పిన స్పీడు అందుకుంటుంది.

ఆ కారు తొలి పెద్ద ప్రయాణం టెక్కలికి. అక్కడి చర్చిలో స్త్రీల సమాజం సభ. దయామణి గారు మా ఊరి సమాజానికి అధ్యక్షురాలు. అధ్యక్షురాలు ముందు సీట్లోంచి దిగడం వేరు, వెనక తలుపు తోసుకుని దిగడం వేరు. అది తెలిసే ఎడ్విన్ బయల్దేరే ముందు షరతు పెట్టాడు.

"అమ్మా, ఇది నాన్న లారీ కాదు. అన్నీ అదే సూసుకుంటాది. టెక్కలి ఎల్లేలోపు ఒక్కసారి అరిసినావంటే, ఇంక ఎప్పటికీ బేక్ సీటే."

"నానెప్పుడు అరిసినానురా?"

"నిజమే," అన్నారు వెనక సీట్లోంచి జెకర్యా గారు. "ఇరవయ్యేళ్ళు హారన్ లేని లారీ నడిపినాను. ఎలాగనుకున్నావు?"

దయామణి గారు భర్త వైపు తిరగకుండానే, "సరే. నోరిప్పితే ఒట్టు," అని సీటుబెల్టు పెట్టుకున్నారు. కాళ్ళ కింది కొత్త మ్యాట్‌కు ఎడ్విన్ ఇంకా ప్లాస్టిక్ కవరు తీయలేదు. ఆవిడ చెప్పులు దాని మీద మర్యాదగా జత కూడి ఉన్నాయి.

హరిపురం దాటాక ముందు వెళ్తున్న బస్సు నెమ్మదించింది. ఆవిడ కాలు నేలను తాకేలోపే కారు తనంతట తాను నెమ్మదించింది.

"ఎలగుంది?" అన్నాడు ఎడ్విన్.

"బాగుంది," అన్నారు ఆవిడ, పరామర్శకు వెళ్ళినచోట మాట్లాడే గొంతుతో. ఆ కాలికి జీవితంలో మొదటిసారి ఉద్యోగం పోయింది.

పలాస దాటింది. హైవే మీద ఒక తెల్ల వ్యాను వెనక మంచి స్పీడులో పోతున్నారు. ఎడ్విన్ కాళ్ళు రెండూ విశ్రాంతిలో ఉన్నాయి. అప్పుడు దయామణి గారికి వ్యాను పక్కనుంచి, రోడ్డు అంచున, ఒక పచ్చి కొబ్బరి మట్ట కనబడింది. దాని అవతల ఇంకొకటి.

మా వైపు లారీ రోడ్డు మీద చెడిపోతే దాని వెనక మట్టలు కోసి పరుస్తారు. ముందు బండి ఆగి ఉంది, జాగ్రత్త అని దానర్థం. ఎర్ర త్రికోణం బోర్డు లారీలో ఉండొచ్చు, ఉండకపోవచ్చు. ఉద్దానంలో మట్టకు లోటు లేదు.

ఆవిడ పెదవులు బిగించారు. ఒక పక్క ఒట్టు, ఒక పక్క మట్ట. అంతలో వ్యాను చటుక్కున కుడికి తప్పుకుంది. దారి ఖాళీ అయిందనుకున్న కారు, తలుగు విప్పిన దూడలాగ స్పీడు అందుకుంది.

"మట్ట!"

బ్రేకు అని అరిచి ఉంటే ఎడ్విన్ పట్టించుకునేవాడు కాడు. ఆ మాటకు వాడి చెవులు ఏనాడో కాయలు కాశాయి. కానీ మట్ట అన్నది లారీలో తల్లి ఒడిలో కూర్చుని నేర్చుకున్న మాట. దాన్ని వాడి బుర్ర కన్నా ముందు వాడి కాలు విన్నది. ఇరుసు విరిగి గ్రానైటు బండతో నిలబడిపోయిన ఒక లారీ వెనక కారు కీచుమంటూ ఆగింది. దాని మీద 'దూరం పాటించుము' అని రాసి ఉంది. చదువుకోవడానికి కళ్ళజోడు అక్కర్లేనంత దగ్గరగా ఉంది.

ఎడ్విన్ ఇండికేటర్లన్నీ వేసి, కారును రోడ్డు దించి అంచున పెట్టాడు. దయామణి గారు దిగి, ముందు లారీ డ్రైవరు పని పట్టారు.

"ఒరే నాయనా, మట్ట ఇంత దగ్గరేత్తే ఎవలికిరా లాభం? ఇంకా ఎనక్కెయ్! మరో నాలుగు కొయ్!"

అతను వాటిని లాక్కుంటూ వెనక్కి పరిగెత్తాక, ఎడ్విన్ తల గోక్కుంటూ వచ్చాడు.

"షోరూములో సెప్పినారమ్మా. కదిలే బండినయితే బాగా సూత్తాది గానీ, ఆగిపోయున్నదాన్ని సూడకపోవచ్చంట. మనం స్పీడులో ఉంటే మరీను. రోడ్డు పక్క బోర్డులు, రెయిలింగులు, అన్నీ ఆగున్నవే కదా, అదీ అలాటిదే అనుకుంటాదంట. కాలు బ్రేకు దగ్గరే ఉంచమన్నారు. నానే మర్సిపోనాను."

"బోర్డులికి కూడా బ్రేకేసుకోవచ్చు కదరా?"

"కనబడినవన్నింటికీ బ్రేకేత్తే బండి నడవదమ్మా."

"నడుత్తాది," అన్నారు జెకర్యా గారు. "నాను నడిపినాను."

దయామణి గారు గంభీరంగా వెనక తలుపు తీశారు. "ఒట్టు తప్పినాను. మాటంటే మాటే. జరగండి."

"జరగను," అన్నారు జెకర్యా గారు, సీటు పొడుగునా కాళ్ళు చాపుకుని. "ఇన్నాళ్ళకి నీకు దూరంగా సీటు దొరికినాది. ఎవలికీ ఇవ్వను."

ఎడ్విన్ ముందు తలుపు తీసి, వంగి, ఎడమవైపు మ్యాట్ మీది ప్లాస్టిక్ కవరు చింపి అవతల పెట్టాడు. తర్వాత తలుపు పట్టుకుని నిలబడ్డాడు. పట్టాభిషేకాలు ఇంతకన్నా ఆర్భాటంగా జరుగుతాయేమో గానీ, ఇంతకన్నా న్యాయంగా జరగవు. ఆవిడ చీర సవరించుకుని ఎక్కి, కుడికాలు యథాస్థానంలో ఆనించారు.

టెక్కలి చర్చి ముందు స్త్రీల సమాజం యావత్తూ చూస్తుండగా అధ్యక్షురాలు ముందు సీట్లోంచి దిగారు. ఒకావిడ కారు చుట్టూ తిరిగి చూసి, "ఒలమ్మ, దానంతటదే బ్రేకేసుకుంటాదంట కదా?" అంది.

"ఏసుకుంటాది," అన్నారు దయామణి గారు, బైబిలు చంకన పెట్టుకుంటూ. "నాను సెప్తే."