టీచరమ్మ ఊపిరి తీసుకున్న చోటు

ఎనభైల తొలి ఏళ్ళలో, ఒక జూన్ మొదటి వారంలో, సికింద్రాబాద్ రెజిమెంటల్ బజార్ వెనక సందులో మేడ మీదున్న ఒక రికార్డింగ్ స్టూడియోలో సహాయ రికార్డిస్టుగా చేరాను. నాపైన రికార్డిస్టు, ఆయనపైన మేనేజరు. మైకులు అమర్చడం, టేపు ఎక్కించడం, టేపు డబ్బా మీద వివరాలు రాయడం నా పని. మేనేజరు సంతకం లేనిదే ఒక్క పాట కూడా కాపీ అయి బయటికి పోకూడదు.

ఆ నెలలోనే ఒక బ్లూస్ పాట వచ్చింది. పన్నెండు ఆవర్తాల వరస తిరిగి తిరిగి వచ్చే దిగులు పాటల పద్ధతి అది. ఒక మాటను రెండుసార్లు చెప్పి, మూడో పాదంలో దానికి జవాబు చెబుతారు. దాన్ని తెలుగులో కట్టినవాడు క్లబ్బుల్లో గిటారు వాయించే యాదగిరి. రావాల్సిన మనిషి రైలు దిగలేదని ప్లాట్‌ఫారం మీద నిలబడిపోయిన ఆడమనిషి పాట.

పాడాల్సిన పేరున్న గాయనికి వారందాకా తీరిక లేదు. అలాంటప్పుడు ముందు ఇంకొకరితో పాడించి ఉంచేవాళ్ళం. దాన్ని ట్రాక్ అంటారు. అసలు గాయని అది విని నేర్చుకుని, టేపులో అదే చోట పాడుతుంది, పాత గొంతు చెరిగిపోతుంది. ట్రాక్ పాడినవాళ్ళ పేరు డబ్బా మీద రాసే ఆచారం లేదు.

యాదగిరి తీసుకొచ్చింది గ్రేస్ టీచర్‌ని. ఏలూరు వైపు మనిషి, మల్కాజ్‌గిరిలో ఒక్కతే ఉండేది. ఇరవై ఏళ్ళు చర్చి క్వయర్‌లో పాడి, ఉబ్బసం ముదిరి ఆ ఏడే మానేసింది. ట్రాక్ పాడుతూ ఆఖరి చరణంలో చివరి మాటకు ముందు ఊపిరి అందక ఆగిపోయింది. గాలి పీల్చుకుని ఆ మాట మెల్లగా అంది. మళ్ళీ పాడతానంటే యాదగిరి ఒప్పుకోలేదు.

“వద్దు టీచరమ్మా, గిట్లనే ఉండనీ. గట్ల ఆగినవ్ చూడు, పానం గుంజినట్టయింది” అన్నాడు.

“అది సంగీతం కాదు బాబూ, ఆయాసం” అని ఆమె నవ్వింది.

వెళ్తూ నన్నడిగింది: “కాసెట్ మీద ఎక్కించి ఇస్తారా బాబూ? ఇక పాడొద్దని డాక్టరుగారు చెప్పేశారు. ఎవరికో వినిపించడానికి కాదండీ, నాకే.” శనివారం రమ్మన్నాను.

అయిదు నిమిషాల పని. నేనేం చేశాను? కొత్త ఉద్యోగం, భయం. అర్జీ రాసి మేనేజరు బల్ల మీద పెట్టి కూర్చున్నాను. ఆయన బేగంపేటలో ఎవరో నిర్మాత చుట్టూ తిరుగుతున్నాడు. శుక్రవారం పొద్దున గాయని చెప్పాపెట్టకుండా వచ్చేసింది. రికార్డిస్టు “షురూ చేయ్” అన్నాడు. రికార్డింగు ఎర్ర మీట నొక్కి టీచరమ్మ గొంతు చెరిపేసింది నేనే. మర్నాడు మేనేజరు వచ్చి అర్జీ మీద సంతకం పెడుతూ, “దీనికి సుత అర్జీ ఏందయ్యా? ఎక్కించి ఇయ్యకపోయినవా?” అన్నాడు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

మధ్యాహ్నం ఆమె బస్సు దిగి వచ్చింది. కొత్త కాసెట్ కొని, పైకాగితం విప్పకుండా తెచ్చుకుంది. జరిగింది చెప్పాను.

“పోనీలెండి, మీరు మాత్రం ఏం చేస్తారు” అని కాసెట్‌ను సంచిలో వేసుకుని మెట్లు దిగింది. మధ్యలో ఒకచోట ఆగి ఊపిరి తీసుకుంది. నేను పైనే నిలబడ్డాను. మళ్ళీ ఆమెను చూడలేదు.

గాయని ఆ ఆగడాన్ని కూడా పాటలో భాగంగానే నేర్చుకుంది. రికార్డు బాగా అమ్ముడుపోయింది. కొన్నేళ్ళకు ఒక కాసెట్ కంపెనీ డప్పు చేర్చి ఇంకొకామెతో పాడించింది. ఆమె కూడా అక్కడే ఆగింది. పెళ్ళి ఆర్కెస్ట్రాలవాళ్ళూ అక్కడే ఆగేవారు. నేను రిటైరయ్యాక ఒక టీవీ పోటీలో ఎవరో అమ్మాయి ఆ పాట పాడింది. అక్కడ ఆగడం ఆ పెద్ద గాయని ప్రతిభేనని న్యాయనిర్ణేత తెగ పొగిడాడు. “కాదయ్యా, అది టీచరమ్మ ఆయాసం!” అని పైకే అరిచాను. ఇంట్లో వినేవాళ్ళు లేరు. యాదగిరీ, అప్పటి రికార్డిస్టూ అప్పటికే పోయారు. ఈ సంగతి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలానని బాధేసింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అనుకోండి. ఆ శనివారం తర్వాత నా సర్వీసులో కాపీ తీయకుండా ఏ ట్రాకూ చెరపలేదు. కాపీ ముందు, అనుమతి తర్వాత. రెండుసార్లు మెమో ఇచ్చారు, తీసుకున్నాను. ట్రాక్ పాడినవాళ్ళ పేరు ఇంటిపేరుతో సహా అడిగి డబ్బా మీద రాశాను. గ్రేస్ టీచర్ ఇంటిపేరు మాత్రం నాకు తెలియదు. అప్పుడు అడగలేదు.