ఎల్డన్ పట్టిన చేప

వేసవి వచ్చి ఊళ్లో గడ్డి కోసే చప్పుడు మొదలైందంటే ఆర్లిస్ టోఫ్టే కాలు ఇంట్లో నిలిచేది కాదు. అమెరికాలోని మిన్నెసోటాలో ఏళ్ల తరబడి స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి, చుట్టుపక్కల ఊళ్లలో ఆమెకు తెలియని వీధి లేదు. శనివారం పొద్దున్నే ఫ్లాస్కులో కాఫీ పోసుకుని, ఆడపడుచు డెల్లాను పక్కన కూర్చోబెట్టుకుని, ఇంట్లో పాత సామాను అమ్ముతున్నామంటూ స్తంభాలకు అంటించిన అట్టముక్కల మీది బాణం గుర్తుల వెంట బయల్దేరేది. గ్యారేజీ తలుపెత్తి ముందు బల్లలు పరిచిన ఇల్లు కనిపిస్తే బండి ఆగాల్సిందే. పిల్లలకు పొట్టైపోయిన కోట్లు, మూతలు పోయిన గిన్నెలు, ముక్కలు తక్కువైన ఆటబొమ్మలు. వాటి మధ్య నుంచే ఆమె ఎప్పుడూ ఏదో ఒకటి ఏరి తెచ్చేది. ఒకసారి నార్వే నుంచి ఎవరి అవ్వో ఓడలో మోసుకొచ్చిన ఇనుప పెనం దొరికింది.

"ఇల్లనుకున్నావా, గోదాం అనుకున్నావా?" అని భర్త ఎల్డన్ గొణిగేవాడు. గొణుగుతూనే ఆ పెనం మీద కాల్చినవన్నీ తినేవాడు.

ఎల్డన్‌కు ఒక చేప కథ ఉంది. పెళ్లికి ముందు, గడ్డకట్టిన సరస్సులో రంధ్రం తొలిచి, ఒంటరిగా ఓ పెద్ద పైక్ చేపను పట్టాడట. విరిగిన కుర్చీ కాలును తానే చెక్కి ఎర్ర రంగు పూసిన ఎరకు అది చిక్కిందట. దాన్ని కుళ్లిపోకుండా లోపల కూరి, చెక్కపలకకు బిగించి ఊరి బార్లో వేలాడదీశారట. తర్వాత బార్ మూతపడింది, చేప మాయమైంది. చూసినవాళ్లు ఒక్కొక్కరే కాలం చేశారు. కథ మాత్రం మిగిలి, ఏటేటా పెరుగుతూ వచ్చింది. కెఫేలో ఎల్డన్ చేతులు చాపితే పక్కవాళ్లు కాఫీ కప్పులు జరుపుకునేవారు.

"చచ్చిన చేప ఇంత ఏపుగా పెరగడం నీ దగ్గరే చూశాం రా" అని స్నేహితులు ఏడిపించేవారు. ఆర్లిస్ కూడా నమ్మలేదు. పైకి అనేది కాదు, అంతే.

ఆ శనివారం పొరుగూళ్లో ఒక గ్యారేజీలో, స్కేటింగు బూట్ల వెనక, గోడకు ఆనించి ఉంది ఒక చేప. దుమ్ము పట్టి, రెక్క ఒకటి చిరిగి ఉంది. నోట్లో ఎర్రటి ఎర. డెల్లా వంగి చూసి ఆర్లిస్ మోచెయ్యి పట్టుకుంది.

"ఈ గీతలు చూడు. మా అమ్మ కుర్చీకాలే ఇది. విరగ్గొట్టినందుకు అన్నయ్యకి ఆ రోజు భోజనం పెట్టలేదు."

ఈలోగా ఆ ఇంటావిడ దగ్గరికొచ్చింది. పేరు కోలీన్. ఆ వసంతంలోనే తండ్రి రాలీ పోయాడు, ఇల్లు ఖాళీ చేస్తోంది.

"మా నాన్న పట్టిన చేపండీ అది" అంది. "క్రిస్మస్‌కి అందరం చేరితే ఆ కథ చెప్పాల్సిందే. మంచు తుఫాను, ఈయన తల నీళ్లలోకి పోతే స్నేహితుడు కాళ్లు పట్టుకు లాగాడట. మా ఇంట్లో పెట్టడానికి చోటు లేదు. చేపల మీద ప్రేమున్న వాళ్లు తీసుకెళ్తే బావుండు."

డెల్లా నోరు తెరిచింది. ఆర్లిస్ ఆమె కాలు తొక్కింది.

"మా ఆయనకిస్తాను. రోజూ దుమ్ము తుడుస్తాడు" అంది.

కారెక్కగానే డెల్లా విరుచుకుపడింది. "నా కాలెందుకు తొక్కావ్? బార్ మూసినప్పుడు ఆ రాలీ ఎత్తుకుపోయాడన్నమాట."

"ఆ పిల్లకింకా కన్నీళ్లు ఆరలేదు. తండ్రి కథ కూడా లాక్కోమంటావా?"

డెల్లా వెనక్కి తిరిగి చూసింది. చేప వెనక సీటులో సుఖంగా పడుకుని ఉంది, అటూ ఇటూ ఇంకా చోటు మిగిలింది. ఎల్డన్ చెప్పిన లెక్కకైతే కిటికీలు దించాల్సి వచ్చేది. వదినామరదళ్లు ఇల్లు చేరేదాకా నవ్వారు.

చేపను చూడగానే ఎల్డన్ దగ్గరికొచ్చాడు. నెమ్మదిగా కూర్చుని ఎర మీద బొటనవేలు ఆడించాడు.

"ఎండి కుంచించుకుపోయింది" అన్నాడు చివరికి.

"అయ్యుంటుంది" అంది ఆర్లిస్. "నిజంగానే పట్టావన్నమాట."

స్నేహితులొచ్చి చూశారు. "తలా తోకా సరిగ్గానే ఉన్నాయి, మధ్యలో సరుకే తగ్గింది" అని పోయారు. ఎల్డన్ పట్టించుకోలేదు. కానీ రాలీ సంగతి వినగానే మొహం ఎర్రబడింది.

"వాడా? బార్లో గ్లాసులు కడిగేవాడు. వాడికి వానపామును పట్టడం కూడా రాదు."

మర్నాడు చర్చి నుంచి వస్తూనే, వద్దంటున్నా వినకుండా ట్రక్కేసుకుని కోలీన్ ఇంటికి వెళ్లాడు. సాయంత్రానికి తిరిగొచ్చాడు. చేతిలో గుడ్డ కప్పిన పళ్లెం, అందులో పళ్లు కూరి కాల్చి ఆమె ఇచ్చిన తీపి రొట్టె.

"చెప్పేశావా?" అంది ఆర్లిస్.

"చెబుదామనే వెళ్లాను. నేను నోరు విప్పేలోపే కథ మొదలెట్టింది. ఆ గాలి, ఆ మంచు, వాడు మునిగిపోబోవడం. ఎక్కడ ఆపను?" టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "నేను పట్టిన రోజున ఎండ కాసింది, ఆర్లిస్. గాలే లేదు. కాఫీ చల్లారేలోపు అయిపోయింది."

"అయితే?"

"అయితే ఏముంది, వాడి కథే బావుంది."

ఆగస్టులో కోలీన్ తన పిల్లల్ని తీసుకుని తాత చేపను చూపించడానికి వచ్చింది. ముందుగది గోడ మీద అది శుభ్రంగా మెరుస్తోంది. చిరిగిన రెక్కను ఎల్డనే అతికించాడు. పిల్లలు దాని కింద నేల మీద కూర్చున్నారు. తల్లి కథ చెబుతూ తుఫాను దగ్గర తడబడింది, గాలి ఎటునుంచి వీచిందో గుర్తు రాలేదు.

"ఉత్తరం నుంచి" అన్నాడు ఎల్డన్. "దారుణమైన గాలి."

వంటింట్లో నిమ్మరసం కలుపుతున్న ఆర్లిస్ ఆ మాట విని, గరిటె పక్కన పెట్టి, గుమ్మంలోకి వచ్చి నిలబడింది. మిగతా కథ తనూ వినాలనిపించింది.